వంద గంటల పనికి ఎంతమంది కావాలి? సైనిక గోదాము సిబ్బంది లెక్క

2024 డిసెంబరులో నోటిఫికేషన్ పడ్డాక కొన్నాళ్లపాటు మా అల్వాల్ గ్రౌండులో పొద్దున్నే ఇసక మూటలు భుజాన వేసుకుని ఉరికే కుర్రాళ్లు కనపడేవాళ్లు. పక్కన ఒకడు ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని కేకలేసేవాడు. 50 కిలోల బరువు, 200 మీటర్లు, 100 సెకన్లు. ట్రేడ్స్‌మన్ మేట్, అంటే గోదాములో బరువులు మోసే సహాయకుడి ఉద్యోగానికి అదే పరీక్ష. దానికి ముందు కిలోమీటరున్నర పరుగు ఆరు నిమిషాల్లో.

ఆ నోటిఫికేషన్ ఇచ్చింది మన సికింద్రాబాద్‌లో ఉన్న ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ సెంటర్. ఆర్డ్‌నెన్స్ అంటే ప్రభుత్వం రాత్రికి రాత్రి తెచ్చే ఆర్డినెన్సు కాదు, ఆయుధ సామగ్రి. సైన్యంలో బూట్ల నుంచి ట్యాంకు విడిభాగాల దాకా, తూటా నుంచి ఫిరంగి గుండు దాకా నిలవ ఉంచి, అడిగినప్పుడు ఇచ్చే విభాగం ఇది. మొత్తం 723 పోస్టులు. అందులో ట్రేడ్స్‌మన్ మేట్లు 389, ఫైర్‌మన్లు 247, జూనియర్ ఆఫీస్ అసిస్టెంట్లు 27, మెటీరియల్ అసిస్టెంట్లు 19. మిగతావి డ్రైవర్లు, వడ్రంగులు, పెయింటర్లు వగైరా.

ఈ అంకెల్ని చూస్తే కుర్రాళ్లకి కటాఫ్ గుర్తొస్తుంది. నాకు వేరే ప్రశ్న వచ్చింది. నేను మేడ్చల్ దగ్గర ఒక ఆన్‌లైన్ అమ్మకాల గోదాములో షిఫ్టులు ప్లాన్ చేసే పనిలో ఉన్నాను. ఏ రోజు ఎంతమంది రావాలో లెక్కేయడమే నా జీతం. లెక్కలు రాసేవాళ్లు పదుల్లో, మూటలు మోసేవాళ్లు వందల్లో, మంటలార్పేవాళ్లు మూడో వంతు. ఇలాంటి గోదాము నేను ఎక్కడా చూడలేదు. లోతుకుంటలో ఉండే మా బాబాయ్ ఆర్డ్‌నెన్స్ డిపోల్లో స్టోర్ కీపర్‌గా చేసి రిటైరయ్యాడు. ఒక ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. "ఒక ఊహా డిపో తీసుకుందాం బాబాయ్, దానికి ఎంతమంది కావాలో నేను లెక్కేస్తా, తప్పులు నువ్వు చెప్పు" అన్నాను. ఈ వ్యాసంలో సగం ఆ ఆదివారం పుణ్యమే. డిపో ఊహ కాబట్టి దాని అంకెలు కూడా నావే. ఏ అసలు డిపోవీ కావు.

ఆయన చెప్పిన మొదటి మాట ఇది: "సరుకు ఎంత ఉందని కాదురా, ఎంత కదుల్తోందని అడుగు."

గోదాము సైజు చూసి మనుషుల్ని లెక్కేయడం చాలామంది చేసే పొరపాటు. పది షెడ్లకి వంద మంది అయితే ఇరవై షెడ్లకి రెండొందలమంది అనుకుంటారు. అటక మీద పెట్టిన ఇత్తడి బిందెకి రోజూ మనిషి అక్కర్లేదు, దించినప్పుడు కావాలి. డిపోలో పనికి కొలమానం లైను. ఒక యూనిట్ ఇండెంటు, అంటే ఫలానా సరుకు కావాలన్న కాగితం పంపితే అందులో ఒక్కో వస్తువుకీ ఒక్కో లైను. ఒకే లైనులో వెయ్యి జతల సాక్సులు ఉండొచ్చు, ఒకే ఒక్క బేరింగు ఉండొచ్చు. సాక్సుల మూట ఎదురుగానే ఉంటుంది. బేరింగు కోసం ముగ్గురు గంటసేపు వెతకాల్సి రావొచ్చు. అందుకే టన్నుల్లో కొలిస్తే స్టోర్ కీపర్ పని కనపడదు, లైన్లలో కొలిస్తే హమాలీ పని కనపడదు. రెండూ విడివిడిగా కొలవాలి.

సరే, మా ఊహా డిపోలో రోజుకి 300 లైన్లు ఇష్యూ అవుతాయి, అంటే అన్ని లైన్ల సరుకు బయటికి వెళ్తుంది అనుకున్నాం. ఒక్కో లైనుకి వెతికి తీయడానికి 12 నిమిషాలు, సరిచూసి ప్యాక్ చేయడానికి 8 నిమిషాలు. లైనుకి 20 నిమిషాల చొప్పున మొత్తం 6,000 నిమిషాలు, అంటే వంద గంటలు. ఎనిమిది గంటల డ్యూటీ కాబట్టి నేను టక్కున 12.5 అని కొట్టాను. పదముగ్గురు చాలు.

బాబాయ్ నవ్వలేదు గానీ టీ కప్పు కింద పెట్టాడు.

ఎనిమిది గంటలూ పని చేసే మనిషి లోకంలో లేడు. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. మందుగుండు డిపో అయితే ఫోను, అగ్గిపెట్టె, లైటరు అక్కడే వదిలెయ్యాలి. లోపల షెడ్డు దాకా నడక, పొద్దున్న తాళాలు, సీళ్లు చూసి తెరవడం, సాయంత్రం మళ్లీ సీలు వెయ్యడం, మధ్యలో భోజనం. నికరంగా ఆరు గంటలు చేతికొస్తే గొప్ప. వందని ఆరుతో భాగిస్తే 16.7. ఇది ఆ రోజు హాజరైన మనుషుల లెక్క. హాజరు వేరు, పోస్టు వేరు. ఏడాదిలో 52 ఆదివారాలు, 17 సెలవు దినాలు తీసేస్తే డిపో 296 రోజులు తెరిచి ఉంటుంది అనుకుందాం. మనిషికి ఆ పైన 30 రోజుల ఆర్జిత సెలవు, 8 రోజుల క్యాజువల్ లీవు, జబ్బుకీ శిక్షణకీ కలిపి ఇంకో 10 రోజులు. అంటే అతను వచ్చేది 248 రోజులే. 16.7ని 296తో గుణించి 248తో భాగిస్తే 19.9 వస్తుంది. అదే వంద గంటల పనికి పదముగ్గురు కాదు, ఇరవై మంది. కాగితం మీద పోస్టు మంజూరు చేసే చోటా, షెడ్డులో పని జరిగే చోటా జరిగే తగాదాలు చాలావరకు ఈ 13కీ 20కీ మధ్యనే.

జవాన్లయితే లెక్క ఇంకా బిగుసుకుంటుంది. వాళ్లకి ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు. ఇంటికి అంత దూరంలో ఉండే మనిషికి అది న్యాయమే, కానీ ప్లానింగ్‌లో మర్చిపోతే కొంప మునుగుతుంది. దానికితోడు పీటీ, ఫైరింగు, కోర్సులు, గార్డు డ్యూటీ. మందుగుండు రైలుకి ఎస్కార్టుగా వెళ్లిన మనిషి రోజుల తరబడి తిరిగి రాడు, కానీ డిపో పేర్ల జాబితాలో ఉన్నట్టే లెక్క. డిపోల్లో సివిలియన్లు ఎక్కువ ఉండటానికి ఇదొక కారణం. ఇంకో కారణం, స్టోర్ కీపరు ఒక చోట పాతుకుపోవాలి. మూడేళ్లకోసారి బదిలీ అయ్యేవాడికి ఏ బేరింగు ఏ బిన్నులో, అంటే ఏ అరలో ఉందో ఒంటబట్టదు. నాలుగేళ్ల అగ్నిపథ్ పద్ధతి 2022లో వచ్చాక ఈ రెండో కారణానికి బరువు పెరిగింది. అగ్నివీర్‌లలో కూడా స్టోర్ కీపర్ కేటగిరీ ఉంది. కానీ ఈ పని పాఠంతో కాదు, చేతి అలవాటుతో వస్తుంది. నాలుగో ఏడు చివరికి గానీ ఆ చెయ్యి తిరగదు.

ఇక ఆ 247 ఫైర్‌మన్ల సంగతి. ఇక్కడే నాకు సైనిక గోదాముకీ మా గోదాముకీ అసలు తేడా అర్థమైంది.

పని రెండు రకాలు. ఒకటి వచ్చే పని, ఇండెంటు వస్తే చేసేది. రెండోది ఉండే పని, ఏమీ జరక్కపోయినా మనిషి అక్కడ ఉండి తీరాల్సింది. ఫైర్‌మన్, కాపలా, టెలిఫోన్ ఆపరేటర్ రెండో రకం. వీళ్లకి లైన్లు, టన్నులు వర్తించవు. ఒక్క కుర్చీలో ఏడాదంతా రాత్రీ పగలూ మనిషి ఉండాలంటే 24 గంటలు, 365 రోజులు, మొత్తం 8,760 గంటలు. ఒక సివిలియన్ ఇచ్చేది 248 రోజులు ఎనిమిది గంటల చొప్పున 1,984 గంటలు. భాగిస్తే 4.4. ఒక కుర్చీకి నలుగురున్నర అన్నమాట. ఫైరింజను మీద ఎప్పుడూ ఆరుగురు ఉండాలంటే 27 మంది కావాలి. ఇద్దరు ఖాళీ అయితే పని రెండు పాళ్లు తగ్గడం కాదు, ఏదో ఒక రాత్రి ఫైరింజను మీద ఆరుగురికి బదులు ఐదుగురు ఉంటారు. ఏ రాత్రి అన్నది మన చేతిలో లేదు.

అందుకే అన్ని విభాగాల్లోనూ పది శాతం కోత అన్న మాట వినడానికి సమన్యాయంలా ఉంటుంది గానీ గోదాములో అది అన్యాయపు లెక్క. ఇండెంట్ల పనిలో పది శాతం కోస్తే సరుకు ఆలస్యంగా వెళ్తుంది. కాపలా పనిలో పది శాతం కోస్తే గోడలో కన్నం పడుతుంది. డిపోలకి కాపలా ఉండేది ఎక్కువగా డీఎస్సీ, అంటే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్. మన టీచర్ల డీఎస్సీ కాదు. మాజీ సైనికుల్ని తిరిగి తీసుకునే దళం. 2016 మే 31 తెల్లవారుజామున మహారాష్ట్రలోని పుల్‌గావ్ కేంద్ర మందుగుండు డిపోలో మంటలు లేచినప్పుడు ఇద్దరు అధికారులతోపాటు ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఈ కాపలావాళ్లూ ఫైర్‌మన్లే. వాళ్లు చేసిన పని ఏ ఇష్యూ రిజిస్టర్లోనూ లైనుగా ఎక్కదు.

ఇంతవరకూ రోజూ 300 లైన్లు అని తీసుకున్నాం. రోజూ 300 రావు, అక్కడుంది తిరకాసు. పోయిన దసరాకి మా గోదాములో పై ఆఫీసు నుంచి సగటు లెక్కన మనుషుల్ని ఇచ్చారు. నెల మొత్తం మీద సగటు సరిగ్గానే సరిపోయింది. మొదటి ఐదు రోజులు మాత్రం లారీలు గేటు బయట రోడ్డు మీద నిలబడ్డాయి. తిట్లన్నీ నేను తిన్నాను. సగటు లోతు మూడడుగులున్న చెరువులోనూ మునిగిపోవచ్చు.

క్యూ లెక్క తెలిసినవాళ్లకి ఇది పాత సంగతే. ఒకే కౌంటరు ఉండి, ఇండెంట్లు ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంటే, కౌంటరు మనిషి 80 శాతం సమయం పనిలో ఉన్నప్పుడు వచ్చినవాడు సగటున నాలుగు ఇష్యూలు పట్టేంతసేపు ఆగాలి. 90 శాతానికి అది తొమ్మిది, 95కి పంతొమ్మిది. ఖాళీగా కూర్చున్న మనిషి కనపడకూడదని మేనేజరు 95కి తోస్తాడు. ఆ పదిహేను పాళ్ల ఆదాకి ఎదురుచూపు దాదాపు ఐదింతలు అవుతుంది. నెల మొదట్లో సైనిక క్యాంటీన్ దగ్గర లిస్టు చేతపట్టి నిలబడే రిటైర్డ్ సుబేదార్లకి ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. క్యాంటీన్‌లో ఆలస్యమైతే ఎండ తగులుతుంది. ట్యాంకు వర్క్‌షాపులో ఆలస్యమైతే ఒక బేరింగు కోసం ట్యాంకు నిలబడిపోతుంది.

సైన్యంలో ఏటా వచ్చే దసరా ఒకటుంది. లద్దాఖ్ దారులు చలికాలంలో మంచుకి మూసుకుపోతాయి కాబట్టి, ఎండాకాలం మొదలుకుని చలి ముదిరేలోపు ఆర్నెల్లకి సరిపడా తిండి, నూనె, బట్టలు, మందుగుండు పైకి చేర్చాలి. తేదీలు తెలుసు, సరుకు తెలుసు, ఎంత పట్టుకెళ్లాలో కూడా చాలావరకు తెలుసు. ఇలాంటి రద్దీకి ప్లాన్ వెయ్యడం మాకు పండగ సేల్‌కి వేసినట్టే. సెలవులు ముందే సర్దుతారు, పక్క డిపో నుంచి మనుషుల్ని తెస్తారు, లోడింగుకి రోజుకూలీల్ని పెట్టుకుంటారు.

తేదీ తెలియని పండగ వేరే. 1999లో కార్గిల్‌లో మన ఫిరంగిదళం రెండున్నర లక్షలకి పైగా గుళ్లు, రాకెట్లు పేల్చింది. రోజుకి దాదాపు 5 వేలు. ఏప్రిల్‌లో ఏ డిపో సగటులోనూ ఆ అంకె లేదు. ఒక్క గుండు చూద్దాం. 155 మిల్లీమీటర్ల బోఫోర్స్ గుండు దాదాపు 43 కిలోలు. గ్రౌండులో కుర్రాడి భుజం మీదున్న ఇసక మూటకి కాస్త తక్కువ. షెడ్డు నుంచి లారీకి, లారీ నుంచి వ్యాగనుకి, వ్యాగను నుంచి మళ్లీ లారీకి, లారీ నుంచి యుద్ధరంగం దగ్గరి నిలవ చోటైన డంపుకి, డంపు నుంచి ఫిరంగికి. కనీసం ఐదుసార్లు ఎత్తాలి. వెయ్యి గుళ్లంటే 43 టన్నులు, ఐదు ఎత్తులకి 215 టన్నుల మోత. ఇంతా చేసి అది ఒంటరిగా పేలదు. వెనక మందు సంచి వేరే పెట్టె, ముక్కుకి బిగించే ఫ్యూజు వేరే పెట్టె. ఒకటి ఆగ్రా పోయి ఇంకోటి అంబాలా పోతే మూడూ దండగే. మోసేవాడికి 215 టన్నులు, లెక్క రాసేవాడికి మూడు వేల వస్తువుల జత. మోత, లెక్క రెండూ ఒకేసారి ఉబ్బుతాయి.

ఉబ్బినప్పుడు మనిషిని ఎక్కడ పెట్టాలన్నది కూడా తేలిక ప్రశ్న కాదు. చేతులు తక్కువైనట్టు కనిపించేది ఇష్యూ వైపు, ఎందుకంటే అక్కడే అరుస్తుంటారు. నిజానికి కుప్పకూలేది రిసీటు వైపు, అంటే వచ్చిన సరుకు దింపుకునే చోట. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా 40 వేలకి పైగా కంటెయినర్లని సౌదీకి పంపింది. అక్కడ సగానికి పైగా కంటెయినర్లని తెరిస్తే గానీ లోపల ఏముందో తెలియలేదు. కావలసింది దొరక్క యూనిట్లు అదే సరుకు మళ్లీ మళ్లీ అడిగాయి, మళ్లీ మళ్లీ వచ్చింది. దింపుకుని సరిచూసి బిన్ కార్డులో, అంటే ఏ అరలో ఎంత ఉందో రాసే కార్డులో ఎక్కించేవాళ్లు చాలకపోతే సరుకు ఉండీ లేనట్టే. నా అనుభవంలో కూడా రద్దీకి ముందు అదనపు మనుషుల్ని రిసీటులో పెట్టిన ఏడాదే గట్టెక్కాం. పైవాళ్లకి అది అర్థం చేయించడం మాత్రం నా వల్ల కాలేదు.

మందుగుండు దగ్గర ఇంకో మెలిక ఉంది. మాకు రద్దీ ఎక్కువైతే పది మంది చోట ముప్పై మందిని దింపుతాం. పేలుడు పదార్థాలున్న షెడ్డులో అది కుదరదు. ప్రపంచమంతా పాటించే సూత్రం ఒకటే: వీలైనంత తక్కువ మంది, వీలైనంత తక్కువ సరుకు దగ్గర, వీలైనంత తక్కువసేపు. ఒక షెడ్డులో ఎంతమంది ఉండొచ్చో ముందే పరిమితి ఉంటుంది. ఒంటరిగానూ ఉండనివ్వరు, గుంపుగానూ ఉండనివ్వరు. కాబట్టి పని వేగం పెంచాలంటే మనుషుల్ని పెంచి లాభం లేదు, ఒకేసారి తెరిచే షెడ్లని పెంచాలి. ఒక్కో షెడ్డుకీ ఒక పూర్తి జట్టు, దాన్ని నడిపే అనుభవస్తుడు కావాలి. కూలీలు దొరుకుతారు, ఆ అనుభవస్తుడు దొరకడు. యుద్ధకాలపు సంఖ్యని శాంతికాలపు సంఖ్యకి ఎన్ని రెట్లు చేయొచ్చో తేల్చేది అతనే. శాంతిలో పది మంది జట్టు నాయకులుంటే యుద్ధంలో పది జట్లు నడుస్తాయి, బయట వెయ్యి మంది కూలీలు నిలబడి ఉన్నా సరే.

అందుకని సైన్యాలు రెండు అంకెలు రాసుకుంటాయి, శాంతికాలపు ఎస్టాబ్లిష్‌మెంటు (మంజూరైన సిబ్బంది సంఖ్య), యుద్ధకాలపు ఎస్టాబ్లిష్‌మెంటు. మధ్య తేడాని పూడ్చడానికి రిజర్విస్టుల్ని పిలవొచ్చు, సైన్యపు సొంత కూలిదళమైన పయనీర్ కంపెనీలని దించొచ్చు, స్థానికుల్ని పెట్టుకోవచ్చు. కార్గిల్ కొండల మీద చివరి మైళ్లలో మోసినవాళ్లలో స్థానిక పోర్టర్లూ ఉన్నారు.

ఇక ప్రభుత్వం వైపు నుంచి చూస్తే, ఇన్నేళ్లు ఖాళీగా కనిపించే మనుషులకి జీతం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. 1964లోనే ఆర్థిక శాఖ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్‌ని పెట్టి ఏ ఆఫీసుకి ఎంతమంది అవసరమో కొలవడం మొదలెట్టింది. సైన్యంలో ఈ మధ్య జరిగిన పెద్ద కదలిక షెకట్కర్ కమిటీ. లెఫ్టినెంట్ జనరల్ డి.బి. షెకట్కర్ నాయకత్వంలో చేసిన సిఫార్సుల్లో 2017 ఆగస్టులో ప్రభుత్వం 65 ఆమోదించింది. దాదాపు 57 వేల పోస్టుల్ని సర్దుబాటు చేసి పోరాట బలం వైపు మళ్లించాలన్నది ఉద్దేశం. ఆర్డ్‌నెన్స్ డిపోలు, వర్క్‌షాపులు ఆ జాబితాలో ఉన్నాయి. 1889 నుంచి నడుస్తున్న మిలిటరీ డెయిరీ ఫారాలు 2021 మార్చి 31న మూతపడ్డది ఆ ఊపులోనే. పాలు బజార్లో దొరుకుతాయి, మూసేయడం సబబే అంటాను. ఫిరంగి గుండు బజార్లో దొరకదు. మోండా మార్కెట్లో ఆరా తీసి తెచ్చుకునేది కాదు.

కొయ్యాల్సింది నిజంగా ఉంది, అది మనుషుల్లో కాదు, వస్తువుల్లో. ఎప్పుడో రద్దయిన బండి విడిభాగాలు, కాలం చెల్లిన మందుగుండు, పరీక్షలో తేలక పక్కన పెట్టిన పెట్టెలు. కదలని సరుక్కి మనిషి అక్కర్లేదన్నాను గానీ అది ముక్కాలు నిజం. దాన్ని ఏటా లెక్కపెట్టాలి, తిప్పి చూడాలి, కాపలా కాయాలి. పుల్‌గావ్‌లో మంటకి మూలం లోపమున్న ట్యాంకు మైన్లేనని అప్పట్లో చెప్పారు. పనికిరాని సరుకు ఒక షెడ్డు తగ్గితే ఆ షెడ్డు కాపలా, లెక్క, తనిఖీ అన్నీ తగ్గుతాయి. పనికిరాని సరుకుని లెక్కల్లోంచి కొట్టేసే కాగితం మీద సంతకానికి మాత్రం ఎవరి చెయ్యీ లేవదు, ఆడిట్ భయం. పోస్టు రద్దు చేస్తే మెచ్చుకోలు, సరుకు రద్దు చేస్తే ఎంక్వైరీ.

సాయంత్రానికి నా షీటు ఒక రూపానికి వచ్చింది. ఇష్యూకి 20, రిసీటుకి 14, ఏడాది స్టాకు లెక్కకి 6, ఫైరుకి 27, డ్రైవర్లు, ఆఫీసు, రద్దీకి అదనంగా తెరిచే మూడు షెడ్లకి ముగ్గురు జట్టు నాయకులు. బాబాయ్ కళ్లజోడు పైకి తోసి ఒక్కో అడ్డవరసా చదివాడు.

"గడ్డి కోసేవాళ్లేరి?"

"గడ్డా?"

"వందల ఎకరాలుంటుంది డిపో. వానలకి నడుము లోతు పెరుగుతుంది. చలికాలం అయ్యేసరికి ఎండి చితుకులవుతుంది. భరత్‌పుర్ సంగతి తెలీదా నీకు?"

తెలీదు. ఇంటికొచ్చి చదివాను. 2000 ఏప్రిల్ చివర్లో రాజస్థాన్‌లోని భరత్‌పుర్ మందుగుండు డిపో తగలబడింది. కోట్ల రూపాయల మందుగుండు బూడిదైంది. నిప్పు పాకింది ఎండుగడ్డి మీదుగా. ఖర్చు తగ్గించుకోవడానికి గడ్డి కోయించలేదన్న విమర్శ అప్పట్లో గట్టిగానే వచ్చింది.

రాత్రి షీటు మళ్లీ తెరిచి ఫైరు వరస కింద ఇంకో వరస చేర్చాను. ఎకరానికి ఎన్ని గంటలో నాకు తెలీదు. పొద్దున్నే బాబాయ్‌కి ఫోన్ చెయ్యాలి.